మావెన్‌లో డిపెండెన్సీ చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మావెన్ జావా ప్రాజెక్టును బిల్డ్ చేసే పనిముట్టు. ప్రాజెక్టుకు కావాల్సిన లైబ్రరీలను, అంటే డిపెండెన్సీలను, అదే తెచ్చిపెడుతుంది. దాన్ని వాడేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. ఈ చిక్కుల్లో ఎక్కువ భాగం మొదట చిన్నవే. మావెన్ ఏ వెర్షన్ ఎంచుకుంది, ఎందుకు ఎంచుకుంది అన్నది చూడకుండా పామ్ ఫైలును (డిపెండెన్సీలు రాసుకునే పామ్.ఎక్స్‌ఎంఎల్‌ను) మార్చుకుంటూ పోతే అవి ముదురుతాయి. అందుకే ప్రతి జవాబులోనూ ముందు ఏం చూడాలో, తర్వాత ఏం మార్చాలో చెప్పాం. వివరాలు మావెన్ 3కి వర్తిస్తాయి. గ్రేడిల్ అనే ఇంకో బిల్డ్ పనిముట్టు వాడేవాళ్లకు చివర్లో కొంత ఉంది. కమాండ్‌లు పలికినట్టే తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి (-డీ, -యూ పెద్ద అక్షరాలు), చుక్కలు, గీతలు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఉన్నట్టే ఉంచండి.

బిల్డ్ సక్సెస్ అని వచ్చింది. రన్ చేస్తే నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తోంది. కంపైలర్ దీన్ని ఎందుకు పట్టుకోలేదు?

కంపైలర్ చూసేది మీ సోర్స్ కోడ్‌ను మాత్రమే. మీరు వాడే లైబ్రరీ ఎప్పుడో, ఎక్కడో, గ్వావా అనే ఇంకో లైబ్రరీ 31వ వెర్షన్‌తో కంపైల్ అయి జార్‌గా (క్లాసుల మూటగా) వచ్చింది అనుకోండి. మీ క్లాస్‌పాత్‌లో (జావా క్లాసుల కోసం వెతికే జార్‌ల జాబితాలో) గ్వావా 18 ఉంది. ఆ లైబ్రరీ లోపలి బైట్‌కోడ్‌ను (కంపైల్ అయిన కోడ్‌ను) మీ బిల్డ్ మళ్లీ పరీక్షించదు. జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎం ఆ మెథడ్‌ను మొదటిసారి పిలవబోయినప్పుడే వెతుకుతుంది, అప్పుడే దొరకలేదని తెలుస్తుంది. అందుకే అప్లికేషన్ మామూలుగా లేచి, గంటల తర్వాత ఎవరో ఒక పేజీ తెరిచినప్పుడు పడిపోవచ్చు.

ఎర్రర్ పేరును బట్టే కారణం సగం తెలుస్తుంది. నోసచ్‌మెథడ్‌ఎర్రర్ అంటే క్లాస్ ఉంది, కానీ వేరే వెర్షన్‌ది. అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్‌ఎర్రర్ అంటే సాధారణంగా ఇంటర్‌ఫేస్ కొత్త జార్ నుంచి, దాన్ని అమలు చేసే క్లాస్ పాత జార్ నుంచి వచ్చాయి. క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ అంటే పేరు చెప్పి లోడ్ చేయబోయిన క్లాస్ క్లాస్‌పాత్‌లోనే లేదు. జేడీబీసీ (డేటాబేస్) డ్రైవర్లతో ఎక్కువగా ఇది కనిపిస్తుంది.

నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్‌తో మాత్రం జాగ్రత్త. దాని పక్కన "కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్" అని ఉంటే క్లాస్ దొరికింది, దాని స్టాటిక్ బ్లాక్ విఫలమైంది అని అర్థం. అప్పుడు జార్‌ల కోసం వెతకడం వృథా. లాగ్‌లో ఇంకా పైకి వెళ్లి మొదటి ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్‌ను పట్టుకోండి, అసలు కారణం అక్కడ ఉంటుంది.

క్లాస్ ఏ జార్ నుంచి లోడ్ అయిందో ఊహించాల్సిన పని లేదు. జావా 8లో -వెర్బోస్:క్లాస్ అని, జావా 9 నుంచి -ఎక్స్‌లాగ్:క్లాస్+లోడ్ అని జేవీఎంకు ఇస్తే ప్రతి క్లాస్ పక్కన జార్ దారి ముద్రిస్తుంది. అవుట్‌పుట్ చాలా పొడుగ్గా వస్తుంది కాబట్టి ఫైలులోకి మళ్లించి, ఎర్రర్‌లో ఉన్న క్లాస్ పేరుతో వెతకండి.

ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు వస్తుంటే మావెన్ దేన్ని తీసుకుంటుంది? పెద్దదాన్ని కాదా?

కాదు. ఈ ఒక్క అపోహ వల్ల పోయే సమయం ఇంతా అంతా కాదు. మావెన్ వెర్షన్ అంకెలను పోల్చదు, మీ ప్రాజెక్టుకు ఎవరు దగ్గరో చూస్తుంది. మీ పామ్‌లో ఎ, బి అనే రెండు లైబ్రరీలు ఉన్నాయనుకోండి. ఎ తన కింద సి-ని, ఆ సి తన కింద కామన్స్-కోడెక్ 1.15ను తెస్తుంది. బి నేరుగా కామన్స్-కోడెక్ 1.9ను తెస్తుంది. ఒకటి మూడో మెట్టు మీద, ఇంకొకటి రెండో మెట్టు మీద ఉన్నాయి. గెలిచేది 1.9. సి లైబ్రరీకి 1.15లోనే ఉన్న మెథడ్ కావాల్సి వచ్చినా మావెన్ పట్టించుకోదు.

రెండూ ఒకే మెట్టు మీద ఉంటే పామ్‌లో ముందు రాసిన డిపెండెన్సీ వైపుది గెలుస్తుంది. చూడ్డానికి బాగుంటుందని ఎవరో డిపెండెన్సీలను అక్షర క్రమంలో సర్దితే మర్నాడు ప్రొడక్షన్‌లో ఎర్రర్ రావడానికి కారణం ఇదే. పామ్‌లో వరుస అలంకారం కాదు.

ఇంకో మాట. వెర్షన్ ట్యాగ్‌లో 1.15 అని ఊరికే రాస్తే అది సిఫారసు మాత్రమే. చదరపు బ్రాకెట్లలో రాస్తేనే ఖచ్చితమైన షరతు అవుతుంది. అయినా బ్రాకెట్లు, రేంజ్‌లు వాడమని చెప్పం. 1.0 నుంచి 2.0 లోపు అని రేంజ్ పెడితే 2.0 ఆల్ఫా, బీటాలు కూడా అందులోకి వస్తాయి, ఎందుకంటే మావెన్ లెక్కలో అవి 2.0 కంటే చిన్నవి. పైగా నిన్నటి బిల్డ్, ఇవాళ్టి బిల్డ్ ఒకేలా ఉంటాయన్న నమ్మకం పోతుంది.

డిపెండెన్సీ ట్రీని ఎలా తీయాలి, అందులో ఏం చూడాలి?

ఎంవీఎన్ డిపెండెన్సీ:ట్రీ -డీవెర్బోస్

ఏ లైబ్రరీ ద్వారా ఏది వచ్చిందో ఈ కమాండ్ చూపిస్తుంది. పెద్ద ప్రాజెక్టులో ఇది వేల లైన్లు వస్తుంది. అనుమానం ఉన్న లైబ్రరీ ఒక్కదాని దారులే కావాలంటే -డీఇన్‌క్లూడ్స్= తర్వాత గ్రూప్ ఐడీ (తయారుచేసినవాళ్ల పేరు), కోలన్, ఆర్టిఫాక్ట్ ఐడీ (లైబ్రరీ పేరు) ఇవ్వండి. వెర్బోస్ మాట మరవకండి. అది లేకపోతే గెలిచిన వెర్షన్లు మాత్రమే కనిపిస్తాయి, ఓడిపోయినవి దాగిపోతాయి. మనకు కావాల్సింది ఓడిపోయినవే.

నాలుగు రకాల గుర్తులు వెతకండి. "ఒమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్ విత్" అని ఉంటే ఆ లైన్‌లోని వెర్షన్ పక్కకు పోయింది, దాని స్థానంలో వచ్చిన వెర్షన్ పక్కనే ఉంటుంది. "ఒమిటెడ్ ఫర్ డూప్లికేట్" అంటే అదే వెర్షన్ ఇంకో దారిలో వచ్చింది, భయం లేదు. "వెర్షన్ మేనేజ్డ్ ఫ్రమ్" అంటే పామ్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ సెక్షన్ (తర్వాతి ప్రశ్నలో ఉంది) ఆ వెర్షన్‌ను మార్చింది. "స్కోప్ మేనేజ్డ్ ఫ్రమ్" కనిపిస్తే ఆగి చదవండి, దాని సంగతి కింద స్కోప్‌ల ప్రశ్నలో ఉంది.

వెర్బోస్ ఇచ్చినా ఈ గుర్తులేవీ రాకపోతే ఈ కమాండ్‌ను నడిపే మీ డిపెండెన్సీ ప్లగిన్ 3.0 లేదా 3.1 సిరీస్‌లో ఉండొచ్చు. ఆ సిరీస్‌లలో వెర్బోస్ పనిచేయలేదు, 3.2.0లో తిరిగి వచ్చింది. ప్లగిన్ వెర్షన్ పెంచండి.

విండోస్ పవర్‌షెల్‌లో, మధ్యలో చుక్క ఉన్న -డీ ఆప్షన్లు చుక్క దగ్గర రెండు ముక్కలవుతాయి. అప్పుడు మావెన్ "అన్‌నోన్ లైఫ్‌సైకిల్ ఫేజ్" అంటుంది. ఆప్షన్ మొత్తాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టండి.

ఏదైనా అప్‌గ్రేడ్‌కు ముందు -డీఅవుట్‌పుట్‌ఫైల్ ఇచ్చి ట్రీని ఫైలులో దాచుకోండి. తర్వాత మళ్లీ తీసి రెండింటినీ డిఫ్ చేయండి. పామ్‌లో ఒక్క లైన్ మారితే కింద ముప్పై జార్‌లు మారడం మామూలే, వాటిని చూడ్డానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

గొడవ దొరికింది. సరిచేయడం ఎలా? ఎక్స్‌క్లూజన్ పెట్టేయాలా?

ముందు డిపెండెన్సీ మేనేజ్‌మెంట్, ఆ తర్వాతే ఎక్స్‌క్లూజన్. డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ సెక్షన్‌లో రాసినంత మాత్రాన లైబ్రరీ ప్రాజెక్టులోకి రాదు. ఎవరి ద్వారానైనా వస్తే ఏ వెర్షన్‌లో రావాలో అది చెబుతుంది. ఎన్నో మెట్టు మీద ఉన్నా దాని మాటే చెల్లుతుంది. మల్టీ మాడ్యూల్ ప్రాజెక్టులో పేరెంట్ పామ్‌లో (మాడ్యూల్స్ అన్నీ వారసత్వంగా తీసుకునే పామ్‌లో) ఒక్కచోట రాస్తే పిల్లలన్నిటికీ సరిపోతుంది.

దీనికి రెండు పరిమితులున్నాయి. ఏ మాడ్యూల్‌లోనైనా డిపెండెన్సీ లోపలే వెర్షన్ ట్యాగ్ రాసి ఉంటే అక్కడ అదే గెలుస్తుంది, పేరెంట్ మాట చెల్లదు. "పేరెంట్‌లో మార్చినా మారడం లేదు" అనే ఫిర్యాదుకు ముఖ్య కారణం ఇదే. రెండోది, మీరు ఇతరుల కోసం లైబ్రరీ రాస్తుంటే, మీ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ దాన్ని వాడేవాళ్ల ప్రాజెక్టుల దాకా చేరదు.

ఏ వెర్షన్ పెట్టాలి? మొదటి అంకె ఒకటే అయితే ట్రీలో కనిపించిన వాటిలో పెద్దది పెట్టండి. మొదటి అంకెలు వేరైతే రిలీజ్ నోట్స్ చదవకుండా నిర్ణయించకండి. అలాంటప్పుడు పాత వెర్షన్‌ను అడుగుతున్న లైబ్రరీనే అప్‌గ్రేడ్ చేయడం చాలాసార్లు మంచి దారి.

ఎక్స్‌క్లూజన్‌లో వెర్షన్ ఉండదు, గ్రూప్, ఆర్టిఫాక్ట్ ఐడీలే ఉంటాయి. అంటే "ఈ దారిలో ఈ లైబ్రరీ అసలు రాకూడదు" అని చెప్పడం. వెర్షన్ గొడవకు దీన్ని వాడితే ఒక దారి మూసినా ఇంకో దారిలో అదే పాత జార్ వస్తుంది. ఇవాళ పనిచేసినా, ఆరు నెలల తర్వాత రెండో దారి కూడా పోతే జార్ అసలే ఉండదు, ఎందుకు లేదో ఎవరికీ గుర్తుండదు. ఒక లైబ్రరీ బదులు వేరే పేరున్న ఇంకో లైబ్రరీ పెట్టుకున్నప్పుడు మాత్రం ఎక్స్‌క్లూజన్ సరైన పనిముట్టు. ఉదాహరణకు కామన్స్-లాగింగ్ తీసేసి జేసీఎల్-ఓవర్-ఎస్‌ఎల్‌ఎఫ్4జే వాడడం. ఎందుకు పెట్టారో పక్కన ఒక లైన్ కామెంట్ రాయండి.

ట్రీలో ఏ గొడవా లేదు, అయినా తప్పు క్లాసే లోడ్ అవుతోంది. అదెలా?

మావెన్ గుర్తుపట్టేది గ్రూప్ ఐడీ, ఆర్టిఫాక్ట్ ఐడీలను. లోపలి క్లాసుల పేర్లను కాదు. పేరు మారిన లైబ్రరీ పాత పేరుతో ఒకసారి, కొత్త పేరుతో ఒకసారి వస్తే దాని దృష్టిలో అవి రెండు వేర్వేరు వస్తువులు, రెండింటినీ పెట్టేస్తుంది. సీజీలిబ్, సీజీలిబ్-నోడెప్ జంటలో ఒకే ప్యాకేజీలు ఉన్నాయి. హ్యామ్‌క్రెస్ట్-కోర్, హ్యామ్‌క్రెస్ట్ కూడా అంతే. హైబర్నేట్ 6లో గ్రూప్ ఐడీ ఓఆర్‌జీ.హైబర్నేట్ నుంచి ఓఆర్‌జీ.హైబర్నేట్.ఓఆర్‌ఎం అయింది, కాబట్టి 5, 6 రెండూ చప్పుడు లేకుండా ఒకే క్లాస్‌పాత్‌లోకి చేరగలవు. వీటికి పాత పేరును ఎక్స్‌క్లూడ్ చేయడమే మందు. నియమం తప్పితే బిల్డ్‌ను ఆపే ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌కు కోడ్‌హాస్ వాళ్ల అదనపు రూల్స్ జోడించి బ్యాన్ డూప్లికేట్ క్లాసెస్ రూల్ పెడితే ఇలాంటివన్నీ బిల్డ్‌లోనే బయటపడతాయి.

కామన్స్-ల్యాంగ్, కామన్స్-ల్యాంగ్3 మాత్రం కలిసి ఉండొచ్చు, వాటి ప్యాకేజీ పేర్లు వేరు.

బామ్ అంటే ఏమిటి? స్ప్రింగ్ బూట్‌లో జాక్సన్ వెర్షన్ ప్రాపర్టీ మార్చినా మారడం లేదెందుకు?

కలిసి నడవాల్సిన లైబ్రరీల వెర్షన్లన్నీ రాసిపెట్టిన పామ్ ఫైలే బామ్. డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ లోపల టైప్ పామ్ అని, స్కోప్ ఇంపోర్ట్ అని రాసి తెచ్చుకోవాలి. మామూలు డిపెండెన్సీల సెక్షన్‌లో ఇంపోర్ట్ స్కోప్ పనిచేయదు. రెండు బామ్‌లలో ఒకే లైబ్రరీ ఉంటే ముందు రాసినది గెలుస్తుంది. బామ్‌తో పాటు మీరే విడిగా ఒక ఎంట్రీ రాస్తే అది అన్నిటికంటే గెలుస్తుంది.

స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్‌ను పేరెంట్‌గా పెట్టుకుంటే, జాక్సన్ (జేసన్ డేటా కోసం వాడే లైబ్రరీ) వెర్షన్ చెప్పే జాక్సన్-బామ్.వెర్షన్ లాంటి ప్రాపర్టీని మీ పామ్‌లో మార్చగానే అమలవుతుంది. కంపెనీ పేరెంట్ పామ్ ఉండడం వల్ల స్ప్రింగ్-బూట్-డిపెండెన్సీస్‌ను బామ్‌గా ఇంపోర్ట్ చేసుకుంటే ఆ ప్రాపర్టీకి విలువ లేదు. ఇంపోర్ట్ అయ్యే పామ్ తన ప్రాపర్టీలతోనే లెక్క తేల్చుకుని వస్తుంది. అప్పుడు జాక్సన్-బామ్‌ను మీకు కావాల్సిన వెర్షన్‌లో, స్ప్రింగ్ బూట్ బామ్ కంటే పైన ఇంపోర్ట్ చేయండి.

జాక్సన్ కోర్, డేటాబైండ్, అనోటేషన్స్‌కు ఒకే ప్రాపర్టీతో వెర్షన్ రాసుకునే అలవాటు ఉన్నవాళ్లు 2.20 దగ్గర ఇబ్బంది పడతారు. అక్కడి నుంచి అనోటేషన్స్ జార్‌కు మూడో అంకె లేదు, 2.20 అనే ఉంటుంది. 2.20.1 అని అడిగితే దొరకదు. బామ్ వాడితే ఈ బెడదే లేదు.

"కుడ్ నాట్ ఫైండ్ ఆర్టిఫాక్ట్" అంటోంది. బ్రౌజర్‌లో చూస్తే మావెన్ సెంట్రల్‌లో ఉంది!

మావెన్ సెంట్రల్ అంటే జార్‌లు దొరికే ప్రధాన బహిరంగ రిపాజిటరీ (నిల్వ). దించుకున్న జార్‌లను మావెన్ మీ మెషీన్‌లోని లోకల్ రిపాజిటరీలో, అంటే డాట్ ఎం2 ఫోల్డర్‌లో, ఉంచుకుంటుంది. ఎర్రర్‌ను చివరిదాకా చదవండి. "ఈ వైఫల్యాన్ని లోకల్ రిపాజిటరీలో దాచుకున్నాం, అప్‌డేట్ గడువు అయ్యేదాకా మళ్లీ ప్రయత్నించం" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే, మావెన్ ఇప్పుడు నెట్‌లోకి వెళ్లనేలేదు. గతంలో ఒకసారి దొరకనప్పుడు లాస్ట్‌అప్‌డేటెడ్ అని ముగిసే చిన్న ఫైలు రాసుకుంది. మామూలు గడువు ఒక రోజు. ఎంవీఎన్ -యూ క్లీన్ ఇన్‌స్టాల్ అని ఇస్తే మళ్లీ అడుగుతుంది.

అయినా దొరకకపోతే, ఎర్రర్‌లో ఏ రిపాజిటరీ అడ్రస్ ఉందో చూడండి. సెట్టింగ్స్.ఎక్స్‌ఎంఎల్‌లో మిర్రర్‌ఆఫ్ దగ్గర నక్షత్రం గుర్తు ఉంటే ప్రతి అభ్యర్థనా ఆఫీసు సొంత రిపాజిటరీకే (నెక్సస్ లేదా ఆర్టిఫాక్టరీకి) పోతుంది. సెంట్రల్‌లో ఉండడం, లేకపోవడం దానికి సంబంధం లేదు. హెచ్‌టీటీపీ కోడ్ ఉంటే ఇంకా తేలిక. 401 అంటే యూజర్, పాస్‌వర్డ్ చేరలేదు. సెట్టింగ్స్‌లోని సర్వర్ ఐడీ, రిపాజిటరీ లేదా మిర్రర్ ఐడీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి, తేడా ఉంటే మావెన్ హెచ్చరించదు, పాస్‌వర్డ్ లేకుండానే అడుగుతుంది. 403 అంటే అనుమతి లేదు, లేదా భద్రతా నియమం ఆ వెర్షన్‌ను ఆపింది. ఇది మీ పామ్ మార్చి తీర్చుకునేది కాదు, రిపాజిటరీ చూసేవాళ్లతో మాట్లాడాలి.

దొరకనిది మీ సొంత ప్రాజెక్టులోని ఇంకో మాడ్యూలే అయితే, మీరు లోపలి ఫోల్డర్‌లో నిలబడి బిల్డ్ చేస్తున్నారు. రూట్‌కు వెళ్లి ఎంవీఎన్ -పీఎల్ మాడ్యూల్‌పేరు -ఏఎమ్ ఇన్‌స్టాల్ అనండి. ఏఎమ్ అంటే దానికి కావాల్సిన తోటి మాడ్యూల్స్‌ను కూడా కలిపి బిల్డ్ చేయమని.

డాట్ ఎం2 ఫోల్డర్ మొత్తం తీసేస్తే సరిపోతుంది కదా?

కొన్నిసార్లు బిల్డ్ అవుతుంది. కానీ కారణం తెలియదు, కాబట్టి మళ్లీ వస్తుంది. పైగా గిగాబైట్లు మళ్లీ దిగాలి, చేత్తో ఇన్‌స్టాల్ చేసుకున్న జార్‌లు పోతాయి. ఖాళీ రిపాజిటరీతో పరీక్షించాలంటే -డీమావెన్.రెపో.లోకల్= అని ఏదైనా కొత్త ఫోల్డర్ దారి ఇవ్వండి. పాతది చెక్కుచెదరదు. కొత్తదానితో బిల్డ్ అయిందంటే తప్పు మీ లోకల్ రిపాజిటరీలో ఉంది. అక్కడా విఫలమైతే తప్పు పామ్‌లోనో, సెట్టింగ్స్‌లోనో ఉంది. "మీ మెషీన్‌లో అవుతోంది, నా దాంట్లో కావడం లేదు" అన్న వాదన తేల్చడానికి కూడా ఇదే పద్ధతి. దాంతో పాటు ఎంవీఎన్ -వీ ఇచ్చి ఇద్దరూ ఏ జావా మీద నడుపుతున్నారో పోల్చండి. టెర్మినల్‌లో జావా ఒకటి, జావా_హోమ్‌లో ఇంకొకటి ఉండడం చాలా మామూలు.

"ఎర్రర్ ఇన్ ఓపెనింగ్ జిప్ ఫైల్" లేదా "ఇన్‌వాలిడ్ ఎల్ఓసీ హెడర్" అని వస్తే ఒక జార్ పాడైంది. ఆ ఒక్క వెర్షన్ ఫోల్డర్‌ను తీసేస్తే చాలు. తీసేముందు జార్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. లోపల హెచ్‌టీఎంఎల్ ఉంటే, జార్ బదులు వైఫై లాగిన్ పేజీయో, ప్రాక్సీ నిరాకరణ పేజీయో దిగింది. ముందు ఆ లాగిన్ పూర్తిచేయకపోతే మళ్లీ అదే దిగుతుంది. -సీ (పెద్ద అక్షరం) ఇస్తే చెక్‌సమ్ కలవని ఫైలు దగ్గరే బిల్డ్ ఆగుతుంది. మామూలుగా అయితే హెచ్చరించి ముందుకు పోతుంది.

పాత ప్రాజెక్టు బిల్డ్ చేస్తుంటే 501 అనో, హెచ్‌టీటీపీ బ్లాకర్ అనో వస్తోంది.

మావెన్ సెంట్రల్ 2020 జనవరి 15 నుంచి ఎస్ లేని హెచ్‌టీటీపీని అంగీకరించడం లేదు, 501 ఇస్తుంది. మావెన్ 3.8.1 నుంచి బయటి హెచ్‌టీటీపీ రిపాజిటరీలన్నిటినీ మావెనే ఆపుతోంది, అప్పుడు ఎర్రర్‌లో 0.0.0.0 అనే అడ్రస్ కనిపిస్తుంది. మీ పామ్‌లో అలాంటి అడ్రస్ ఎక్కడా లేదంటే, మీరు వాడే ఏదో లైబ్రరీ తన పామ్‌లో రాసుకున్న రిపాజిటరీ అది. ఎర్రర్‌లో ఉన్న రిపాజిటరీ ఐడీకి సెట్టింగ్స్.ఎక్స్‌ఎంఎల్‌లో హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌తో ఒక మిర్రర్ రాయండి. బ్లాకర్‌ను తీసేయడానికి మావెన్ పాత వెర్షన్‌కు పోకండి. దారిలో ఎవరైనా జార్‌ను మార్చే అవకాశం ఉండకూడదనే ఆ అడ్డు పెట్టారు.

జేసెంటర్ అనే పాత బహిరంగ రిపాజిటరీ అడ్రస్ ఉంటే తీసేయండి. 2021లో దాన్ని నిర్వహించే బిన్‌ట్రే మూతపడింది.

ఆఫీసు నెట్‌వర్క్‌లో "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" వస్తోంది.

ఆఫీసు ప్రాక్సీ హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్‌ను మధ్యలో తెరిచి, తన సర్టిఫికెట్‌తో మళ్లీ మూస్తోంది. బ్రౌజర్ ఆ సర్టిఫికెట్‌ను నమ్ముతుంది, ఎందుకంటే ఐటీ విభాగం దాన్ని విండోస్‌లో పెట్టింది. జావాకు తన సొంత నమ్మకాల జాబితా సీఏసర్ట్స్ అనే ఫైలులో వేరేగా ఉంటుంది. కంపెనీ రూట్ సర్టిఫికెట్ ఫైలు తీసుకుని, జావా 9 లేదా ఆ పైన అయితే:

కీటూల్ -ఇంపోర్ట్‌సర్ట్ -సీఏసర్ట్స్ -ఏలియాస్ ఆఫీస్‌రూట్ -ఫైల్ రూట్.సీఈఆర్

పాస్‌వర్డ్ మార్చకపోతే చేంజిట్. మావెన్ వాడే జేడీకేలోని (జావా డెవలప్‌మెంట్ కిట్‌లోని) కీటూల్‌నే నడపాలి. జేడీకే మార్చిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. విండోస్‌లో ఇంకో సులువు దారి ఉంది: మావెన్_ఆప్ట్స్‌లో -డీజావాఎక్స్.నెట్.ఎస్ఎస్ఎల్.ట్రస్ట్‌స్టోర్‌టైప్=విండోస్-రూట్ అని పెడితే జావా నేరుగా విండోస్ జాబితానే వాడుతుంది. సర్టిఫికెట్ పరీక్షనే ఆపేసే వ్యాగన్ (మావెన్ పాత డౌన్‌లోడ్ భాగం) ఆప్షన్లు పాత సలహాల్లో కనిపిస్తాయి. అవి ప్రమాదకరం, మావెన్ 3.9లో మామూలుగా పనిచేయవు కూడా, ఎందుకంటే అక్కడ డౌన్‌లోడ్ చేసేది వ్యాగన్ కాదు.

"క్లాస్ ఫైల్ హ్యాజ్ రాంగ్ వెర్షన్ 61.0, షుడ్ బీ 55.0" అంటే?

అంకెలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. మీరు జావా 11తో బిల్డ్ చేస్తున్నారు, లైబ్రరీకి 17 కావాలి. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 6కు, స్ప్రింగ్ బూట్ 3కు జావా 17 తప్పనిసరి. మాకిటో 5కు, హైబర్నేట్ 6కు కనీసం 11 కావాలి. జావా పెంచండి, లేదంటే లైబ్రరీని దాని పాత సిరీస్‌లో ఉంచండి. మధ్యదారి లేదు.

దీనికి తిరగేసిన చిక్కు ఇంకొకటి ఉంది. జేడీకే 17తో సోర్స్ 8, టార్గెట్ 8 అని పెట్టి కంపైల్ చేసి, జావా 8 మీద నడిపితే బైట్‌బఫర్‌లోని ఫ్లిప్ మెథడ్ దగ్గర నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తుంది. ఏ జార్‌దీ తప్పు కాదు. జావా 9లో ఆ మెథడ్ తిరిగి ఇచ్చే టైప్ మారింది. సోర్స్, టార్గెట్ సిన్టాక్స్‌ను, బైట్‌కోడ్ అంకెను మాత్రమే మారుస్తాయి, జేడీకే క్లాసులను పాతవిగా చూపించవు. మావెన్.కంపైలర్.రిలీజ్ ప్రాపర్టీకి 8 ఇస్తే పాత జావా క్లాసులతోనే పోల్చి కంపైల్ చేస్తుంది.

లాంబాక్ (అనోటేషన్లను చూసి కోడ్ తయారుచేసే లైబ్రరీ) వాడేవాళ్లకు: జేడీకే 21కి లాంబాక్ 1.18.30 లేదా ఆ పైది కావాలి. జేసీఇంపోర్ట్, క్వాలిడ్ అనే మాటలతో నోసచ్‌ఫీల్డ్‌ఎర్రర్ వస్తే అదే కారణం. జేడీకే 23 నుంచి అనోటేషన్ ప్రాసెసింగ్ దానంతట అది నడవదు. కంపైలర్ ప్లగిన్‌లో అనోటేషన్ ప్రాసెసర్ పాత్స్ కింద లాంబాక్‌ను స్పష్టంగా రాయండి.

జావాఎక్స్, జకార్తా గొడవ నుంచి బయటపడేదెలా?

జావా ఈఈ (సర్వర్ అప్లికేషన్ల కోసం ఉన్న జావా ప్రమాణాలు) బాధ్యత ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు వెళ్లాక, 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి. టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌లో టామ్‌క్యాట్ 9 పాత పేర్లతో, టామ్‌క్యాట్ 10 కొత్త పేర్లతో నడుస్తాయి. ఒక్క అప్లికేషన్‌లో సగం అటు, సగం ఇటు ఉంటే నడవదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఆర్టిఫాక్ట్ పేరు జకార్తా అని ఉన్నంత మాత్రాన లోపల ప్యాకేజీ జకార్తా కాదు. జకార్తా.సర్వ్‌లెట్-ఏపీఐ 4.0లో క్లాసులు ఇంకా జావాఎక్స్.సర్వ్‌లెట్ కిందే ఉన్నాయి, 5.0లో మారాయి. జేఏఎక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్‌ను జావా ఆబ్జెక్టులుగా మార్చేది) అంతే: జకార్తా.ఎక్స్‌ఎంఎల్.బైండ్-ఏపీఐ 2.3 సిరీస్‌లో పాత ప్యాకేజీ, 3.0 నుంచి కొత్తది. జావా 11లో జేఏఎక్స్‌బీని జేడీకే నుంచి తీసేశారు కాబట్టి, పాత కోడ్‌ను మార్చకుండా నడపాలంటే ఈ 2.3 ఏపీఐతో పాటు గ్లాస్‌ఫిష్ జేఏఎక్స్‌బీ-రన్‌టైమ్ కూడా 2.3 సిరీస్‌లోనే పెట్టాలి. ఏపీఐ ఒక్కటే పెడితే కంపైల్ అవుతుంది, నడిచేటప్పుడు పడిపోతుంది.

కోడ్‌లో జావాఎక్స్ అన్న ప్రతిచోటా జకార్తా అని మార్చేయకండి. జావాఎక్స్.ఎస్‌క్యూఎల్, జావాఎక్స్.క్రిప్టో, జావాఎక్స్.నేమింగ్ జేడీకేలోవి, వాటి పేర్లు మారలేదు.

లాగ్‌లు అసలు రావడం లేదు. "నో ఎస్‌ఎల్‌ఎఫ్4జే ప్రొవైడర్స్ వర్ ఫౌండ్" అంటోంది.

ఎస్‌ఎల్‌ఎఫ్4జే అనేది రకరకాల లాగర్లకు ముందుండే ఉమ్మడి ఏపీఐ. దాని 1.7 వెర్షన్ తన వెనక పనిచేసే లాగర్‌ను స్టాటిక్‌లాగర్‌బైండర్ అనే క్లాస్ పేరుతో వెతికేది. 2.0 సర్వీస్‌లోడర్‌తో వెతుకుతుంది. ఒకరి పద్ధతి ఇంకొకరికి తెలియదు. లాగ్‌బ్యాక్ అనే లాగర్ 1.2కు జోడీ 1.7, లాగ్‌బ్యాక్ 1.3 నుంచి జోడీ 2.0. ఏదో లైబ్రరీ ఏపీఐని 2.0కు లాక్కుపోయి లాగ్‌బ్యాక్ 1.2లోనే ఉండిపోతే పై సందేశం వస్తుంది. ట్రీలో రెండింటినీ చూసి జోడీ కలపండి. "మల్టిపుల్ బైండింగ్స్" అని వస్తే లాగర్లు రెండు ఉన్నాయి, మీకు అక్కర్లేనిదాన్ని ఎక్స్‌క్లూడ్ చేయండి. లాగ్4జే-ఓవర్-ఎస్‌ఎల్‌ఎఫ్4జే, ఎస్‌ఎల్‌ఎఫ్4జే-లాగ్4జే12 రెండూ ఉంటే ఒకదాన్నొకటి పిలుచుకునే చక్రంలో పడతాయి.

కంపైల్ స్కోప్‌లో ఉన్న జార్ రన్‌టైమ్‌లో మాయమవుతోంది.

స్కోప్ అంటే జార్ ఏ దశలో (కంపైల్, టెస్ట్, రన్) అందుబాటులో ఉండాలో చెప్పే మాట. పేరెంట్ పామ్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో ఎవరైనా దానికి టెస్ట్ స్కోప్ రాశారేమో చూడండి. అక్కడ రాసిన స్కోప్, ఇతర లైబ్రరీల ద్వారా వచ్చే జార్‌కూ అంటుకుంటుంది. ట్రీలో "స్కోప్ మేనేజ్డ్ ఫ్రమ్ కంపైల్" అని కనిపించేది ఇదే. డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో వెర్షన్ మాత్రమే రాయండి, స్కోప్‌ను వాడే మాడ్యూల్‌లో రాసుకోండి. అలాగే, ప్రొవైడెడ్, టెస్ట్ స్కోప్‌లలో ఉన్నవి మీ లైబ్రరీని వాడేవాళ్లకు చేరవు.

సెక్యూరిటీ స్కాన్ లాగ్4జే అంటోంది. పామ్‌లో ఎక్కడా లేదు.

లాగ్4జే ఒక లాగింగ్ లైబ్రరీ. ట్రీలో వెతికి లాగ్4జే-కోర్ ఉందో లేదో చూడండి. 2021 డిసెంబర్‌లో బయటపడ్డ సీవీఈ-2021-44228 లోపం కోర్ జార్‌లోది. లాగ్4జే-ఏపీఐ, లాగ్4జే-టు-ఎస్‌ఎల్‌ఎఫ్4జే మాత్రమే ఉంటే, స్ప్రింగ్ బూట్‌లో మామూలుగా ఉండేవి అవే, ఆ లోపం మీకు తగలదు. కోర్ ఉంటే డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో 2.17.1 లేదా ఆ పైది పెట్టండి. బిల్డ్ అయ్యాక వార్ లేదా ఫ్యాట్ జార్‌ను (డిపెండెన్సీలన్నీ కలిపిన ఫైలును) విప్పి లోపల ఏ వెర్షన్ ఉందో కళ్లతో చూడండి. షేడ్ చేసిన (వేరే లైబ్రరీ క్లాసులను తమలో కలుపుకున్న) జార్‌ల లోపల దాగిన క్లాసులు ట్రీలో కనిపించవు.

రెండు లైబ్రరీలకు రెండు వెర్షన్లూ తప్పనిసరి అయితే?

మావెన్ షేడ్ ప్లగిన్‌లోని రీలొకేషన్‌తో ఒకదాని ప్యాకేజీ పేరు మార్చి మీ జార్‌లో కలుపుకోవచ్చు. దీనికోసం చిన్న ప్రత్యేక మాడ్యూల్ పెట్టుకోండి. బైట్‌కోడ్‌లోని పేర్లను, చాలా స్ట్రింగ్‌లను ప్లగిన్ మారుస్తుంది, కానీ కాన్ఫిగ్ ఫైళ్లలో రాసిన క్లాస్ పేర్లను వదిలేస్తుంది. మెటా-ఇన్ఫ్ కింద ఉన్న సర్వీసెస్ ఫైళ్లకు సర్వీసెస్ రిసోర్స్ ట్రాన్స్‌ఫార్మర్ విడిగా చేర్చాలి, లేకపోతే అవి ఒకదాని మీద ఒకటి పడి పోతాయి. ఇంకే దారీ లేనప్పుడే ఈ పని చేయండి.

ఇవన్నీ ముందే పట్టుకునే మార్గం లేదా?

ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో రిక్వైర్ అప్పర్ బౌండ్ డెప్స్ రూల్ పెట్టండి. ఎవరైనా అడిగిన వెర్షన్ కంటే చిన్నది గెలిస్తే బిల్డ్ ఆగుతుంది. పైన చెప్పిన కామన్స్-కోడెక్ కథ ఈ రూల్ ఉంటే మొదటి రోజే దొరికేది. డిపెండెన్సీ కన్వర్జెన్స్ అనే ఇంకా కఠినమైన రూల్ ఉంది, రెండు వెర్షన్లు ఎక్కడ కనిపించినా ఆపుతుంది. పాత ప్రాజెక్టులో దానితో మొదలుపెడితే వందల ఎర్రర్లు వస్తాయి, జట్టు విసిగి రూల్‌నే తీసేస్తుంది. మొదటిదానితో మొదలుపెట్టండి.

డిపెండెన్సీ:అనలైజ్ కూడా ఉపయోగమే. "యూజ్డ్ అన్‌డిక్లేర్డ్" అని చూపినవాటిని మీ పామ్‌లో నేరుగా రాసుకోండి. "అన్‌యూజ్డ్ డిక్లేర్డ్" అన్నవాటిని మాత్రం కళ్లు మూసుకుని తీసేయకండి. అది చూసేది బైట్‌కోడ్‌ను. రిఫ్లెక్షన్‌తో లోడ్ అయ్యే జేడీబీసీ డ్రైవర్లు, స్ప్రింగ్ స్టార్టర్లు దానికి వాడనట్టే కనిపిస్తాయి.

మేం గ్రేడిల్ వాడతాం. ఇవే వర్తిస్తాయా?

ఎర్రర్ల అర్థాలు ఒకటే, ఎంపిక నియమం వేరు. గ్రేడిల్ మామూలుగా పెద్ద వెర్షన్‌ను తీసుకుంటుంది. అందుకే మావెన్ నుంచి మారిన ప్రాజెక్టులో పామ్‌లోని వెర్షన్లే రాసినా జార్‌లు వేరేవి రావచ్చు. మారేముందు, మారాక రెండు జాబితాలూ పోల్చండి. ట్రీ బదులు డిపెండెన్సీ‌ఇన్‌సైట్ టాస్క్‌కు --డిపెండెన్సీ లైబ్రరీపేరు --కాన్ఫిగరేషన్ రన్‌టైమ్‌క్లాస్‌పాత్ అని ఇస్తే ఆ వెర్షన్ ఎందుకు గెలిచిందో కారణంతో సహా చెబుతుంది. మావెన్ ట్రీలో దొరకని వివరం ఇది. వెర్షన్ పెంచడానికి కన్‌స్ట్రెయింట్స్ బ్లాక్ చాలు. తగ్గించాలంటే స్ట్రిక్ట్‌లీ రాయాలి. ఇంప్లిమెంటేషన్‌లో పెట్టినవి మీ లైబ్రరీని వాడేవాళ్ల కంపైల్ క్లాస్‌పాత్‌లోకి రావు. మీ పబ్లిక్ మెథడ్ సంతకంలో ఇంకో లైబ్రరీ టైప్ ఉంటే దాన్ని ఏపీఐ కింద పెట్టండి. పాత స్నాప్‌షాట్ (ఇంకా తయారవుతున్న వెర్షన్) పట్టుకుని వదలకపోతే --రిఫ్రెష్-డిపెండెన్సీస్ ఒకసారి ఇవ్వండి, మావెన్‌లో -యూ చేసే పని ఇక్కడ అది చేస్తుంది.